బిడ్డకు కొలతయా? ప్రేమకు కూలియా?

ధ్యానమునకు వాక్యభాగములు: మార్కు 9:14–29, నిర్గమకాండము 2:1–10, యోహాను 9:1–23



మన గ్రామ సంఘములలో వైకల్యముతో పుట్టిన బిడ్డలును, పుట్టిన పిమ్మట జ్వరముచేతనో ఫిట్సుచేతనో వైకల్యమునకు లోనైన బిడ్డలును ఉన్నారు. వారిని ఒడిలో పెట్టుకొని పెంచు తల్లులు, అవ్వలు, అక్కలు మన మధ్యనే కూర్చుండుచున్నారు. కొందరైతే బిడ్డను విడిచి రాలేక ఆరాధనకు రావడమే మానుకొన్నారు. ఈ బిడ్డల పింఛను నిమిత్తము ఆసుపత్రిలో వైకల్య పరీక్ష జరుగు దినములు వచ్చినప్పుడెల్ల రెండు ప్రశ్నలు మా చెవిని పడుచున్నవి. మొదటిది తల్లులు అడుగునది: "అయ్యగారూ, దేవుడిచ్చిన బిడ్డకు శాతాలు కట్టించడమేమిటండీ? పాపం కాదా?" రెండవది ఇరుగుపొరుగువారు అనుకొనునది: "కన్నబిడ్డను సాకినందుకు గవర్నమెంటు డబ్బులా? అదేం ప్రేమ?"

మూడవ ప్రశ్నయు ఒకటి కలదు. దానిని ఎవరును బిగ్గరగా అడుగరు. "నాలుగు మాటలు ఎక్కువ చెబితే ఏం పోయింది?" అనునదే ఆ ప్రశ్న. ఈ మూడింటిని దేవుని వాక్యపు వెలుగులో మీతో కలిసి ఆలోచింప గోరుచున్నాము.

కొలత ఎట్టిది?

ముందుగా సంగతిని సరిగా తెలిసికొందము. మన దేశములో 1995వ సంవత్సరపు చట్టము 7 విధములైన వైకల్యములను మాత్రమే గుర్తించెను. 2016లో చేయబడి 2017 ఏప్రిల్ 19న అమలులోనికి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము వాటిని 21కి పెంచెను. ఆటిజము, తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ మొదలగునవి అప్పుడే చేరినవి. 40 శాతమును, అంతకు మించియు వైకల్యము గలవారికి ఈ చట్టమువలన కొన్ని ప్రత్యేక హక్కులు కలుగుచున్నవి. ఆ శాతమును నిర్ణయించువారు ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులు. మన ప్రాంతములలో జనులు దీనిని సదరం పరీక్ష అని పిలుచుచున్నారు.

ఎముకల వైద్యుడు కాలుచేతుల కదలికను, కంటి వైద్యుడు చూపును, చెవి వైద్యుడు వినికిడిని పరీక్షించును. బుద్ధి వికాసము వెనుకబడిన బిడ్డల విషయములో పద్ధతి వేరు. అమెరికా దేశములో వైన్‌లాండ్ అను ఊరిలో ఎడ్గర్ డాల్ అను పండితుడు 1935లో ఏర్పరచిన కొలబద్ద ఒకటి మన దేశమునకు తగినట్లు మార్చబడి ఇందుకు ఉపయోగపడుచున్నది. బిడ్డ తనంతట తాను తినునా, నీళ్లు త్రాగునా, బొత్తాములు పెట్టుకొనునా, ప్రమాదము తెలిసి తప్పుకొనునా, ఒంటరిగా ప్రక్క ఇంటికి వెళ్లి రాగలదా అని తల్లిని అడుగుదురు. ఆమె జవాబులను లెక్కకట్టి, లోపము స్వల్పమైనచో 50, మధ్యరకమైనచో 75, తీవ్రమైనచో 90, అతి తీవ్రమైనచో 100 శాతమని వ్రాయుదురు. ఐదేండ్లు నిండని బిడ్డకు తాత్కాలిక పత్రమే ఇచ్చి, బిడ్డ ఎదిగిన కొలది మరల పరీక్షింతురు.

ఆ అంకెమీదనే పింఛను నిలిచియున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై మొదలుకొని వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలుగాను, పూర్తిగా మంచమునకే పరిమితమైనవారికి 15,000 రూపాయలుగాను నిర్ణయింపబడెను. తెలంగాణలో 2023లో ఈ పింఛను 4,016 రూపాయలకు పెంచబడెను. గనుక ఒక గదిలో, ఒక బల్ల యెదుట, కొద్ది నిమిషములలో తల్లి పలుకు మాటలమీద ఒక కుటుంబపు కంచములోని అన్నము ఆధారపడియున్నది. ఇది చిన్న సంగతి కాదు.

ప్రభువు అడిగిన ప్రశ్న

బిడ్డను ఇట్లు కొలుచుట పాపమా? మార్కు సువార్త 9వ అధ్యాయమును తెరచి చూడుడి. ఒక తండ్రి మూర్ఛరోగియైన తన కుమారుని శిష్యుల యొద్దకు తెచ్చెను. వారివలన కాలేదు. అప్పుడక్కడ శాస్త్రులు ఒక ప్రక్క, శిష్యులు ఒక ప్రక్క, చుట్టును జనసమూహము. అందరును తర్కించుచున్నారు గాని బిడ్డ సంగతి అడుగువాడు లేడు. ప్రభువు వచ్చి, ఆ పిల్లవాడు నేలమీద పొర్లాడుచుండగా, ఇది వచ్చి ఎంతకాలమైనదని తండ్రిని అడిగెను. తండ్రి దాచలేదు. బాల్యమునుండియే ఇట్లున్నదనియు, అది వానిని అనేకసార్లు నిప్పులోను నీళ్లలోను పడద్రోసినదనియు చెప్పెను.

సమస్తమును ఎరిగిన ప్రభువు ఈ ప్రశ్న ఎందుకు అడుగవలెను? ఆయనకు తెలియక కాదు. ఏండ్ల తరబడి నిప్పుకును నీటికిని కావలి కాసిన ఆ తండ్రి నోట ఆ కష్టము వెలికి రావలెనని ఆయన కోరెనని మేము తలంచుచున్నాము. ఆ తండ్రి తన బిడ్డ అందచందములను ఆ గడియలో వర్ణింపలేదు. వానికి కలిగిన ఆపద ఎంతటిదో చెప్పెను. ప్రభువు అందుకు అతనిని గద్దింపలేదు. బిడ్డ అక్కరను ఉన్నదున్నట్లు చెప్పుట బిడ్డను అవమానించుట కాదని దీనివలన మనము నేర్చుకొనుచున్నాము.

కొలతలు రెండు విధములు. దావీదు తన జనసంఖ్యను లెక్కపెట్టించినప్పుడు అతని మనస్సు తరువాత అతనినే కొట్టెను (2 సమూయేలు 24). అరణ్యములో ఇశ్రాయేలీయులు మన్నాను ఓమెరుతో కొలిచినప్పుడు మాత్రము తలకొక్కంటికి అక్కరకొలది ఆహారము దొరకెను. ఎక్కువ కూర్చినవానికి మిగులలేదు, తక్కువ కూర్చినవానికి కొదువ కాలేదు (నిర్గమకాండము 16). ఒకటి గొప్పకొరకైన లెక్క, మరియొకటి అన్నముకొరకైన లెక్క. ఆసుపత్రిలో బిడ్డకు వేయు శాతము ఓమెరు వంటిదై యుండవలెను. అది బిడ్డకు ఎంత సహాయము కావలెనో చెప్పు కొలతయే గాని, బిడ్డ ఎంతటివాడో చెప్పు కొలత కాదు. దేవుడు తన స్వరూపమునందు నరుని సృజించినప్పుడు ఆ స్వరూపమును శాతములుగా పంచిపెట్టలేదు. నూరు శాతము వైకల్యమని వ్రాయబడిన బిడ్డయందు అది ఒక వీసమైనను తగ్గియుండదు.

ఈ భేదమును తల్లి ఎరిగియుండుట చాలదు, బిడ్డయు ఎరుగవలెను. పది పండ్రెండేండ్ల బిడ్డ మాటలాడలేకపోయినను మాటలను గ్రహింపగలిగియుండవచ్చును. తల్లి వైద్యుని యెదుట "వీడికేమీ రాదండీ" అని చెప్పుచుండగా వాడు వినుచుండును. ఆసుపత్రినుండి తిరిగి వచ్చు బస్సులోనే ఆ తల్లి వానికి చెప్పవలసిన మాట ఒకటి కలదు: "నాయనా, అక్కడ నీకు కావలసినవి చెప్పాను. నువ్వు నాకెంత కావలసినవాడివో అక్కడెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు." వీలైనయెడల, బిడ్డను కొంతసేపు బయట నుంచి ఈ సంగతులు చెప్పుకొనునట్లు వైద్యుని వేడుకొనుట మరింత మేలు.

సాక్ష్యమునందు సత్యము

ఇప్పుడు ఎవరును బిగ్గరగా అడుగని ప్రశ్నకు వత్తము. ఆ బల్ల యెదుట నిలుచు తల్లికి రెండు శోధనలు కలవు.

మొదటిది సిగ్గు. ఆమె ఇన్నాళ్లును ఊరి యెదుట బిడ్డ లోపమును కప్పుచు వచ్చినది. వైద్యుడు "తనే తింటాడా?" అని అడుగగా, వాడు ఎన్నడో పండుగనాడు ఒక ముద్ద నోట పెట్టుకొనుట ఆమెకు జ్ఞాపకము వచ్చి, సంతోషముతో "తింటాడండీ" అనును. అది అబద్ధమని ఆమె తలంచదు. అయినను మిగిలిన దినములన్నిటిలో ప్రతి ముద్దయు తానే కలిపి, నమలలేని బిడ్డకు మెత్తగా పిసికి, గొంతులో అడ్డుపడకుండ గంటసేపు పెట్టుచున్న సంగతి ఆ ఒక్క మాటక్రింద మరుగుపడిపోవును.

రెండవది ఆశ. డబ్బు తీసికొని పత్రము ఇప్పింతుమని తిరుగువారు ఊళ్లలో ఉన్నారు. నడువగలిగిన బిడ్డను నడువవద్దని, పలుకగలిగిన బిడ్డను పలుకవద్దని వారు నేర్పుదురు. ఇది ఎంత ఘోరమో ఆలోచింపుడి. ఆ బిడ్డకు మొట్టమొదట నేర్పబడిన పాఠము తన దేహముతోనే అబద్ధమాడుట. 2016 చట్టము 91వ సెక్షను ప్రకారము ఇట్టి మోసమునకు రెండేండ్లవరకు చెరసాలయో, లక్ష రూపాయలవరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును. అయితే చెరసాలకు భయపడి మాత్రమే మనము మానుకొనరాదు. కొలతలోను తూనికలోను అన్యాయము చేయకూడదని లేవీయకాండము 19వ అధ్యాయము శాసించుచున్నది. న్యాయమైన త్రాసు అంగటివానికి మాత్రమే కాదు, అంగటికి పోవువానికిని విధింపబడినదే.

అంతేకాదు, ఒకని అబద్ధపు బరువు మరియొకని వీపుమీద పడును. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో వైకల్య పింఛను పొందుచున్నవారిని వైద్యులు తిరిగి పరీక్షించిరి. 40 శాతమునకు తక్కువయని తేలినవారికి నోటీసులు పోయెను. అప్పీలు చేసికొనుటకు అవకాశమియ్యబడెను. అట్టి వేళ నిజమైన అక్కరగలవారును బిడ్డను భుజమున వేసికొని మరల ఆసుపత్రి వరుసలో నిలువవలసివచ్చును. అనర్హుడు చెప్పిన కల్లకు అర్హుడు చెల్లించు వెల ఇది.

యోహాను సువార్త 9వ అధ్యాయములో పుట్టుగ్రుడ్డివాని తలిదండ్రులను అధికారులు పిలిపించి విచారించిరి. బిడ్డ వైకల్యమును గూర్చి అధికారుల యెదుట నిలిచిన తలిదండ్రులు బైబిలులో వీరే. వారు మొట్టమొదట చెప్పిన మాట, వీడు మా కుమారుడని. రెండవ మాట, వీడు గ్రుడ్డివాడై పుట్టెనని. ఆ రెండును సత్యము, ఆ వరుసయు చక్కనిది. ఆ తరువాత మాత్రము వారు భయపడి, వాడు వయస్సు వచ్చినవాడు, వానినే అడుగుడని తప్పించుకొనిరి. మొదటి రెండు మాటలయందు మనము వారిని పోలి నడుచుకొందము, మూడవదానియందు వద్దు.

పరీక్షకు వెళ్లుటకు ముందు ఒక వారము దినములు ఇంటిలో జరుగునది వ్రాసి పెట్టుకొనుడని తల్లులకు చెప్పుచున్నాము. అన్నము పెట్టుటకు ఎంతసేపు పట్టుచున్నది, రాత్రి ఎన్నిసార్లు లేచి ప్రక్క త్రిప్పుచున్నారు, ఎన్ని బట్టలు తడుపుచున్నాడు, ఫిట్సు ఎన్నిసార్లు వచ్చెను, ఎంతసేపు కన్నార్పక కనిపెట్టవలసియున్నది. చదువురానివారికి సండే స్కూలు పిల్లలు వ్రాసి పెట్టవచ్చును. బిడ్డ బాగుగానున్న దినమును మాత్రమే చెప్పవద్దు. మిక్కిలి చెడ్డ దినమును మాత్రమే చెప్పవద్దు. వారములో తరచుగా వచ్చు దినమును చెప్పుడి. సిగ్గును ఆశయు రెండును ఆ కాగితము ముందు నోరు మూసికొనును.

చాకిరికి కొలత

అయితే సత్యము తల్లి నోట ఉన్నంతమాత్రమున చాలునా? కొలబద్దయు సత్యమైనదిగా ఉండవలెనుగదా. పోలియోవలన ఒక కాలు సన్నబడిన బిడ్డకు అధికమైన శాతము వచ్చి, వాడు కాలిపర్స్ పెట్టుకొని బడికి పోవుచుండవచ్చును. బుద్ధిమాంద్యము 50 శాతమని వ్రాయబడిన బిడ్డ చక్కగా నడుచును, పరుగెత్తును. కాని చెరువు ఏదో, బావి ఏదో, లారీ వచ్చు రోడ్డు ఏదో ఎరుగడు. ఉదయమునుండి రాత్రివరకు వాని వెంబడి ఒక మనిషి ఉండవలెను. అవయవమునకు వేసిన శాతములో ఆ మనిషి కనబడదు.

ఇతర దేశములవారును ఈ చిక్కును ఎదుర్కొనిరి. ఆస్ట్రేలియాలో వైకల్యముగల బిడ్డను సాకువారికి ప్రత్యేక భృతి కలదు. మొదట బిడ్డకు అత్యంత తీవ్రమైన వైకల్యమున్నదని వైద్య నియమముల ప్రకారము తేలిననే అది దొరకుచుండెను. ఆ నియమములు మిక్కిలి ఇరుకైనవని గ్రహించి, 2009 జూలై 1నుండి బిడ్డకు ఎంత సేవ కావలసియున్నదో, సాకువారిమీద ఎంత భారము పడుచున్నదో దానినిబట్టి కొలుచునట్లు మార్చిరి. ఇంగ్లండు, వేల్సులలో పసిబిడ్డల విషయమై మరియొక మంచి నియమము కలదు. పసివారందరికిని సేవ కావలెను. రెండేండ్ల బిడ్డకు ముద్ద పెట్టని తల్లి ఎక్కడనున్నది? గనుక అదే వయస్సుగల ఇతర పిల్లలకంటె ఈ బిడ్డకు ఎంత ఎక్కువ సేవ కావలెనని అక్కడ అడుగుదురు.

ఈ ప్రశ్నలో జ్ఞానమున్నది. బిడ్డ రెండేండ్లవాడైయుండగా మన తల్లి భారము ప్రక్కింటి తల్లి భారమునకు కొంచెమే ఎక్కువ. పండ్రెండేండ్లు వచ్చునప్పటికి ప్రక్కింటి బిడ్డ తానే స్నానము చేసి బడికి పోవును. మన తల్లి ముప్పది కిలోల బిడ్డను ఎత్తి స్నానము చేయించును. బిడ్డ బరువు పెరుగుచుండగా ఆమె నడుము బలము తరుగుచుండును. మేము దర్శించు ఇండ్లలో ఒకటి ఇట్టిది. తల్లి రాత్రివేళ మూడుసార్లు లేచి బిడ్డను ప్రక్క త్రిప్పుచున్నది. త్రిప్పనియెడల వీపున పుండ్లు పడును. ఆ బిడ్డ వీపున ఒక్క పుండును లేదు. వైద్యుడు పరీక్షించి "వీపు బాగానే ఉంది" అనును. ఆ బాగు వెనుక ఎన్ని రాత్రులున్నవో ఏ యంత్రము చూపగలదు?

మన దేశపు చట్టమును ఈ సంగతిని ఎరుగక పోలేదు. 2016 చట్టములోనే అధిక సహాయము అవసరమైనవారు అను మాట వ్రాయబడినది. అట్టివారి అవసరమును నిర్ణయించు పద్ధతి 38వ సెక్షనులోను, సంరక్షకుల నిమిత్తమైన భృతి 24వ సెక్షనులోను చెప్పబడినవి. కేరళ రాష్ట్రము ఆశ్వాసకిరణం అను పథకముక్రింద సంరక్షకులకు నెలకు 600 రూపాయలు నిర్ణయించెను. మొత్తము చిన్నదే, అయినను సాకు మనిషిని ఆ రాష్ట్రము చూచినది. ఈ మాటలు మన పంచాయతీ పెద్దలకు, శాసనసభ్యులకు తెలియజేయుట క్రైస్తవుల పనియే. చూడని కండ్లకు చూపుటయు సాక్ష్యమే.

తల్లికి జీతము

"కన్నబిడ్డకు కూలియా?" అను ఇరుగుపొరుగువారికి నిర్గమకాండము 2వ అధ్యాయము జవాబిచ్చుచున్నది. జమ్ముపెట్టెలో దొరకిన పసివానిని పెంచుటకు ఫరో కుమార్తె ఒక స్త్రీని పిలిపించెను. వచ్చినది ఆ బిడ్డ కన్నతల్లియే. ఈ బిడ్డను నా కొరకు పెంచుము, నేను నీకు జీతమిచ్చెదనని రాజకుమార్తె చెప్పెను. యోకెబెదు ఆ జీతమును త్రోసివేసినదా? లేదు. తన బిడ్డకు పాలిచ్చి, అందుకు రాజు ఖజానానుండి జీతము తీసికొనెను. ఆమె ప్రేమ తరిగిపోలేదు. ఆ చేతులలో పెరిగిన మోషే తన జనమును మరువలేదు.

ప్రేమను ఎవరును కొనజాలరు. అయితే ప్రేమించువారికిని ఆకలి వేయును. మన తల్లులు నాట్లకు పోలేరు, కలుపుకు పోలేరు, మిరపకాయలు కోయుటకు పోలేరు. పోగొట్టుకొన్న కూలి, ఫిట్సు మాత్రలు, ఆసుపత్రికి ఆటో కిరాయి, ఇవన్నియు ప్రతి నెలయు వచ్చును. ఆ సొమ్ము ప్రేమకు వెల కాదు. ప్రేమ తన పని చేయుటకు కావలసిన బియ్యము.

ఇంటి ఆడువారి చాకిరికి లెక్క యేమి అను తలంపు మన ఊళ్లలోనిదే కాదు. బ్రిటనులో 1976లో రోగులను సాకువారికి భృతి ఏర్పరచినప్పుడు వివాహిత స్త్రీలకు అది చెందదని నియమించిరి. వారు ఎట్లును ఇంటిపట్టుననే యుందురుగదా అని భావించిరి. తన తల్లిని సాకుటకై ఉద్యోగము మానిన ఒక వివాహిత వ్యాజ్యము వేయగా, అది యూరోపు న్యాయస్థానమువరకు పోయి, 1986లో ఆ నియమము తొలగిపోయెను. పదేండ్లు పట్టెను. ఎంతో కాలముగా ఉచితముగా దొరకిన దానికి విలువ లేదనుకొనుట మనుష్యుల స్వభావము. పనివాడు జీతమునకు పాత్రుడని మన ప్రభువు చెప్పినప్పుడు (లూకా 10:7) పనికత్తెలను మినహాయింపలేదు.

అయితే ఒక మాట తండ్రులకు. ఆ సొమ్ము బిడ్డ నిమిత్తము ఇయ్యబడినది. దానిని సారాయి కొట్టులో చెల్లించువాడు బిడ్డ నోటి ముద్దను తీసికొనుచున్నాడు. సంఘపెద్దలు ఈ విషయములో కనికరముతోనే గాని గట్టిగా అడుగవలెను.

మరి కొందరు, పింఛను తీసికొనినచో స్వస్థత కొరకైన విశ్వాసము లేనట్లే గదా అని తల్లులను బాధించుచున్నారు. తన బిడ్డ దుస్థితిని దాచక చెప్పిన ఆ తండ్రియే, నమ్ముచున్నాననియు, తన అపనమ్మకమునకు సహాయము చేయుమనియు మొరపెట్టెను (మార్కు 9:24). ఉన్నది ఒప్పుకొనుటయు ప్రార్థించుటయు ఒక్క నోటనే వచ్చినవి. ఎవరి పాపమువలన వీడిట్లు పుట్టెనని శిష్యులు అడుగగా ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేసెను. మనము ఆ ప్రశ్నను తిరిగి ఏరుకొని ఒక తల్లి ఒడిలో వేయకుందుము గాక.

రాజు బల్ల

రెండవ సమూయేలు గ్రంథములో మెఫీబోషెతు కథ మీకందరికిని తెలియును. ఐదేండ్ల బిడ్డను దాది ఎత్తుకొని పరుగెత్తుచుండగా వాడు పడి కుంటివాడాయెను (4:4). ఆ దాది పేరు వ్రాయబడలేదు. ఆమె చేతినుండి బిడ్డ జారెనని మాత్రమే మనము జ్ఞాపకముంచుకొందుము. రాజకుటుంబము కూలిపోవు దినమున తన ప్రాణముతోపాటు ఆ బిడ్డ ప్రాణమును కాపాడవలెనని పరుగెత్తినది ఆమెయే. సాకువారి గతి తరచుగా ఇట్టిదే. వేయి దినములు మోసినది ఎవరును చూడరు. ఒక్కసారి జారినది ఊరంతయు చెప్పుకొనును.

దావీదు రాజైన తరువాత మెఫీబోషెతునకు రెండు ఇచ్చెను. ఒకటి, పొలమును, దానిని సేద్యము చేయుటకు సీబాను, వాని కుమారులను, దాసులను. రెండవది, తన బల్లయొద్ద నిత్యమును భోజనము. మొదటిది ప్రభుత్వము ఇయ్యగలదు, ఇయ్యవలెను. రెండవది ఏ ఆఫీసును ఇయ్యజాలదు. అది సంఘము ఇయ్యవలసినది.

మన సంఘములలో ఇది ఎట్లు జరుగును? పరీక్ష దినమున తల్లితోకూడ బైబిలు స్త్రీయో పెద్దయో ఒకరు ఒక దినపు కూలి మానుకొని వెళ్లవలెను. వారములో రెండు గంటలు ఎవరైన బిడ్డయొద్ద కూర్చుండినయెడల ఆ తల్లి నిద్రించును. గుడి మెట్ల ప్రక్కను ఏటవాలు దారి వేయుటకు నాలుగు బస్తాల సిమెంటు చాలును. ఆరాధనలో బిడ్డ కేక వేసినప్పుడు వెనుకకు తిరిగి చూడకుండుటకు అదియును అక్కరలేదు. సంస్కారపు ఆదివారమున ఆ తల్లి రాలేనియెడల, రొట్టెయు ద్రాక్షారసమును ఆమె ఇంటికి పోవలెను.

35 శాతమని వ్రాయించుకొని వట్టి చేతులతో తిరిగి వచ్చు తల్లిని గూర్చియు ఆలోచింపుడి. ప్రభుత్వము ఎక్కడనో ఒక గీత గీయక తప్పదు. గీతకు ఇవతల నిలిచిన బిడ్డకు పింఛను రాదు గాని అక్కర తీరిపోలేదు. ఆ గీత సంఘపు వాకిట గీయబడలేదు. అట్టి ఇల్లు ఏదైన మీ పేటలో ఉన్నయెడల ఈ నెలలోనే వెళ్లి, ఎంతకాలమైనదని మెల్లగా అడుగుడి. అడిగిన తరువాత, ఆమె చెప్పి ముగించువరకు కూర్చుండుడి.

ప్రార్థన: కనికరముగల తండ్రీ, మా మధ్యనున్న ఈ బిడ్డలను నీవు పేరుపేరున ఎరుగుదువు. వారిని మోయు చేతులకు బలము దయచేయుము. పరీక్షించు వైద్యులకు ఓర్పును, వ్రాయువారికి న్యాయమును, చెప్పు తల్లులకు సత్యమును ధైర్యమును అనుగ్రహించుము. మా బల్లలయొద్ద వారికి చోటిచ్చు మనస్సు మాకు దయచేయుమని యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.